పొలాల మధ్య మాయమైన రైలు బ్రాంచి లైన్లు (అమెరికా మిడ్‌వెస్ట్): ఆనవాళ్ళు ఎలా పట్టుకోవాలి?

నల్లరేగడి

అయొవా, నెబ్రాస్కా, ఇల్లినాయిస్ పొలాలను శాటిలైట్ ఫోటోలో చూస్తే ఎటు చూసినా మైలు చదరపు గళ్ళే. ఆ గళ్ళతో సంబంధం లేకుండా అక్కడక్కడ ఒక గీత ఏటవాలుగా కోసుకుపోతుంటుంది. కొంత దూరం చెట్ల వరస, కొంత దూరం నేల రంగులో తేడా, ఆ తర్వాత రెండు మూడు మైళ్ళు ఏమీ కనబడదు, మళ్ళీ తేలుతుంది. పాత బ్రాంచి లైను అనే అనుకుంటున్నాను.

అడగాలనుకున్నవి మూడు. గ్యాస్ పైపులైను, డ్రైనేజీ కాలువ, పాత రోడ్డు కూడా పైనుంచి ఇలాగే ఉంటాయి కదా, రైలుదేనని ఎలా ఖాయం చేసుకోవాలి? పూర్తిగా దున్నేసిన చోట దారి ఎలా పట్టుకోవాలి? నేల మీదికి వెళితే దేనికోసం చూడాలి, ఎవరి అనుమతి కావాలి?

డిగ్రీవంపు

నల్లరేగడి గారూ, ముందు వంపు కొలవండి. మిగతావన్నీ తర్వాత.

రైలు మూల తిరగలేదు. పైపులైను ఒక బిందువు దగ్గర చటుక్కున దిశ మార్చుకుంటుంది. మైలు గళ్ళ అంచుల వెంట పోయే సెక్షన్ రోడ్డు 90 డిగ్రీలు తిరుగుతుంది. రైలుకు మాత్రం పొడుగాటి వృత్తఖండం కావాలి. ఫోటోలో వంపు మొదలు నుంచి చివరిదాకా తిన్నగా ఒక జ్యా గీయండి. దాని నడిమి నుంచి వంపుదాకా ఎంత దూరమో కొలవండి. జ్యా పొడుగును వర్గం చేసి, ఆ నడిమి దూరానికి ఎనిమిది రెట్లతో భాగించి, వచ్చినదానికి నడిమి దూరంలో సగం కలిపితే వ్యాసార్ధం.

ఉదాహరణకు జ్యా 400 మీటర్లు, నడిమి దూరం 35 మీటర్లు అనుకోండి. 1,60,000ని 280తో భాగిస్తే 571. దానికి 17.5 కలిపితే సుమారు 589 మీటర్లు, అంటే 1,932 అడుగులు. అమెరికా రైల్వేల లెక్కలో 5,730ని అడుగుల వ్యాసార్ధంతో భాగిస్తే వంపు ఎన్ని డిగ్రీలో వస్తుంది. ఇక్కడ దాదాపు 3 డిగ్రీలు. మైదానంలో పోయే బ్రాంచి లైనుకు చక్కగా సరిపోయే వంపు. లెక్క 12 డిగ్రీలు దాటితే మాత్రం ఆగి ఆలోచించాలి. అది ఇంజన్లు తిప్పే త్రికోణపు ట్రాకు కావచ్చు, ఊరికీ ఊరికీ మధ్య రోడ్ల పక్కన నడిచిన పాత ఎలక్ట్రిక్ ఇంటర్‌అర్బన్ లైను కావచ్చు, అసలు రైలే కాకపోవచ్చు.

ఇంకో పరీక్ష. వంపును రెండు సగాలు చేసి విడివిడిగా కొలవండి. రైలు వంపైతే రెండింటికీ ఇంచుమించు ఒకే వ్యాసార్ధం వస్తుంది. పూడిపోయిన పాత వాగు ఒడ్డుకు అలా రావడం అరుదు.

తూముకాడ

వంపు లేని తిన్నటి ముక్క అయితే పైన చెప్పిన లెక్క పనికిరాదు. అక్కడ మెరకనూ పల్లాన్నీ చూడాలి.

గీత ఒక చిన్న గుట్టను దాటేచోట ఆగి చూడండి. పైపులైను గుట్ట ఎక్కి దిగుతుంది, దానికి ఏటవాలుతో పనిలేదు. డ్రైనేజీ కాలువ గుట్ట జోలికే పోదు, పల్లం వెతుక్కుంటూ పోతుంది. రైలు గుట్టను కోసుకుని వెళుతుంది, ఆ వెంటనే వచ్చే పల్లంలో కట్ట మీద నడుస్తుంది. గుట్టలో కోత, పల్లంలో కట్ట, ఈ జంట వరసగా రెండు చోట్ల కనబడిందంటే నాకు సందేహం ఉండదు. కోతలో తీసిన మట్టి పక్క పల్లంలో కట్టకు సరిపోయేలా లెక్క చూసుకుని మరీ లైను వేసేవాళ్ళు, అందుకే అవి జంటగా ఉంటాయి.

కోత మట్టి చాలనిచోట కట్టకు రెండు పక్కలా నేల గీకి మట్టి ఎత్తారు. గుర్రాలు లాగే స్క్రేపర్లతో చేసిన పని అది. ఆ మట్టిగుంటలు కట్టకు సమాంతరంగా పొడుగ్గా, లోతు తక్కువగా ఉంటాయి. ఇప్పటికీ నీళ్ళు నిలిచి జమ్ము పెరుగుతుంది. కట్టను చదును చేసిన రైతులు కూడా చాలాచోట్ల ఈ గుంటలను వదిలేశారు. ఎండాకాలం ఫోటోలో పొలం మధ్య రెండు పచ్చటి సమాంతర చారలు, వాటి నడుమ ఒక పాలిపోయిన చార కనబడితే అదే మీ లైను.

ఫిష్‌ప్లేట్

ఒక హెచ్చరిక కూడా చేర్చాలి. మట్టి పని అంతా పూర్తయి, పట్టాలు మాత్రం పడకుండా డబ్బు అయిపోయిన లైన్లు 19వ శతాబ్దంలో చాలా ఉన్నాయి. కోత, కట్ట, వంపు అన్నీ సరిగ్గానే ఉంటాయి. తేడా తెలిసేది నేలలోనే. రైలు నడిచిన కట్టలో బొగ్గు బూడిద, గాజులా కరిగి గట్టిపడ్డ చిట్టెం ముక్కలు, కంకర సాధారణంగా ఉంటాయి. పట్టాలు పడని కట్టలో ఉత్త మట్టే.

నల్లరేగడి

చాలా బాగుంది, అందరికీ ధన్యవాదాలు. నా దగ్గరున్న గీత వంపు 2.4 డిగ్రీలు వచ్చింది, రెండు సగాలకూ దాదాపు అంతే. ఇక దున్నేసిన ముక్క సంగతి. లైడార్‌లో (విమానం నుంచి లేజరుతో నేల ఎత్తులు కొలిచిన సమాచారంలో) చూడమని అంటుంటారు. డీఈఎం (నేల ఎత్తుల డిజిటల్ మ్యాపు) దించుకుని హిల్‌షేడ్ (ఒక పక్కనుంచి వెలుగు పడినట్టు నీడలతో చూపే బొమ్మ) చేస్తే అక్కడ ఏమీ కనబడటం లేదు.

డిగ్రీవంపు

మీ లైను వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పోతోందా? అయితే కారణం అదే. హిల్‌షేడ్‌లో వెలుగు దిశ మామూలుగా 315 డిగ్రీల దగ్గర పెట్టి ఉంటుంది, అంటే వాయవ్యం నుంచి. వెలుగు లైను వెంబడే పడితే నీడ పడదు, కట్ట మాయమైపోతుంది. వెలుగు ఎప్పుడూ లైనుకు అడ్డంగా రావాలి. మీ విషయంలో 45 లేదా 225 పెట్టండి.

క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో చేసే వరస చెబుతాను. యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే) వాళ్ళ త్రీడెప్ అనే ఎత్తుల సేకరణలోంచి ఒక మీటరు డీఈఎం పలకలు దించుకుని ఒక్కటిగా కలపండి. హిల్‌షేడ్‌లో వెలుగు ఎత్తు 45 నుంచి 20 డిగ్రీలకు తగ్గించండి, సాయంకాలపు ఎండలా నీడలు సాగుతాయి. నిలువు గుణకం (ఎత్తులను ఎన్ని రెట్లు పెంచి చూపాలో) 4 లేదా 5 పెట్టండి. ఇక్కడ ఒక చిక్కు ఉంది: కొన్ని రాష్ట్రాల సొంత లైడార్‌లో ఎత్తులు అడుగుల్లో, దూరాలు మీటర్లలో ఉంటాయి. అది చూసుకోకపోతే అన్నీ మూడు రెట్లు ఎత్తుగా కనబడి, చిన్న గట్టు కూడా రైలు కట్టలా మోసం చేస్తుంది.

అప్పటికీ దొరక్కపోతే ఇలా చేయండి. అదే డీఈఎంను 40 మీటర్ల పరిధిలో సగటు తీసి నున్నగా చేయండి. అసలు డీఈఎంలోంచి ఈ నున్నటిదాన్ని తీసివేయండి. పెద్ద గుట్టలూ లోయలూ పోయి చిన్న మెరకలు మాత్రమే మిగులుతాయి. మిగిలినదానికి మైనస్ 0.3 మీటర్ల నుంచి ప్లస్ 0.3 దాకా మాత్రమే రంగులు పరచండి. దశాబ్దాల తరబడి దున్నిన కట్ట అరడుగు ఎత్తు, వంద అడుగుల వెడల్పుకు పరుచుకుపోయి ఉంటుంది. మనిషి దాని మీద నిలబడ్డా తెలియదు, ఈ బొమ్మలో మాత్రం చారలా తేలుతుంది.

చివరగా ఆ చార వెంబడి ప్రొఫైలు, అంటే పొడవునా ఎత్తుపల్లాలు చూపే గీత, గీయండి. పొలం నేల పైకీ కిందికీ ఊగుతున్నా రైలు దారి ఒకే వాలులో పోతుంది. వంద మీటర్లకు ఒక మీటరు అంటే ఒక శాతం, మైలుకు 52.8 అడుగులు. మిడ్‌వెస్ట్ బ్రాంచి లైన్లలో ఒకటి నుంచి రెండు శాతం మధ్య చాలా సాధారణం. నాలుగైదు శాతం వస్తే అది రైలు దారి అని నేను ఒప్పుకోను.

కంచెరాయి

లైడార్‌తో పాటు పాత ఫోటోలు కూడా తీయండి. అమెరికా వ్యవసాయ శాఖ 1930ల చివరి నుంచి పొలాలను విమానం నుంచి వరసగా ఫోటోలు తీయించింది. ఎక్కువగా 1:20,000 స్కేలు. చాలా రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు, భూగర్భ సర్వే శాఖలు వాటిని స్కాన్ చేసి ఉచితంగా పెట్టాయి. అప్పటికి ఎక్కువ బ్రాంచి లైన్లు నడుస్తూనే ఉన్నాయి కాబట్టి పట్టాలు, సైడింగులు, వంతెనలు అన్నీ కనబడతాయి. ఈనాటి ఫోటో మీద ఆనించడానికి సెక్షన్ రోడ్ల కూడళ్ళు వాడుకోండి, అవి కదలవు.

యూఎస్‌జీఎస్ పాత టోపో మ్యాపులు (ఎత్తుపల్లాలతో సహా చూపేవి) 1884 నుంచి ఉన్నాయి. ఒకే చోటువి రెండు మూడు ముద్రణలు పక్కపక్కన పెడితే లైను ఏ ఏళ్ళ మధ్య పోయిందో తెలుస్తుంది. ఎత్తేసిన లైనును తెగిన గీతగా చూపి, పాత రైలు గ్రేడ్ (పట్టాల కోసం చదును చేసిన దారి) అని రాస్తారు. కౌంటీ (మన జిల్లా లాంటిది) అట్లాసుల విషయంలో మాత్రం జాగ్రత్త. వాటిలో వేస్తామని ప్రకటించి, మట్టి కూడా తవ్వని లైన్లను నిజమైన వాటిలాగే గీసేవాళ్ళు.

అన్నిటికంటే విలువైనవి వాల్యుయేషన్ మ్యాపులు. 1913 చట్టం కింద ప్రతి రైల్వే తన ఆస్తిని అంగుళం అంగుళం లెక్కచెప్పాల్సి వచ్చింది. పల్లెల్లో మామూలుగా అంగుళానికి 400 అడుగుల స్కేలు, స్టేషన్ల దగ్గర ఇంకా పెద్ద స్కేలు. ఏ ముక్క ఎవరి దగ్గర ఎప్పుడు కొన్నారు, పూర్తి హక్కా, దారి హక్కు మాత్రమేనా, తూము ఎక్కడ, నీళ్ళ ట్యాంకు ఎక్కడ, అన్నీ ఉంటాయి. మేరీలాండ్ రాష్ట్రం కాలేజ్ పార్క్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో పెద్ద సేకరణ ఉంది.

ప్రెయిరీగడ్డి

ఎవరూ మొక్కల సంగతి ఎత్తలేదు, నా దృష్టిలో అదే ఈ లైన్లలో మిగిలిన అతి గొప్ప ఆనవాలు.

అయొవాలో ఒకప్పటి ఎత్తుగడ్డి ప్రెయిరీలో (సహజమైన గడ్డిభూమిలో) వెయ్యో వంతు కూడా ఇప్పుడు లేదు. మిగిలిన ఆ కాస్తలో మంచి భాగం రైలు కంచెల లోపలే ఉంది. లైను వేసినప్పుడు చుట్టుపక్కల నేల ఇంకా దున్నని ప్రెయిరీ. రైల్వే తన స్థలానికి కంచె వేసింది, బయట నాగలి నడిచింది, లోపల నడవలేదు. ఇంజను నిప్పురవ్వలు, గ్యాంగువాళ్ళు ఏటా పెట్టే మంటలు పొదలను పెరగనివ్వలేదు. ప్రెయిరీకి కావలసిందీ ఆ మంటే.

నేల మీద ఏం చూడాలంటే: పట్టాల మధ్యభాగం వదిలేయండి, అక్కడ కంకరా కలుపుమందులూ. పక్క గుంటకూ కంచెకూ మధ్య ఉండే ముప్ఫై నలభై అడుగుల పట్టీలో వెతకండి. ఆరేడు అడుగులు పెరిగి, కొసన కోడికాలులా మూడు పాయలుగా చీలే బిగ్ బ్లూస్టెమ్ గడ్డి. కంపాస్ ప్లాంట్, దాని ఆకులు అంచులు ఉత్తర దక్షిణాలకు పెట్టి నిలువుగా నిలబడతాయి. బూడిద రంగు ఆకులున్న లెడ్ ప్లాంట్. ఈ మూడూ ఒకేచోట ఉన్నాయంటే ఆ నేల నాగలి ఎరగనిది. దున్నిన నేలలో ఇవి వాటంతటవి తిరిగి రావడం దాదాపు జరగదు. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో తీసిన ఫోటోల్లో ఈ గడ్డి రాగి రంగుకు తిరిగి, పచ్చటి బ్రోమ్ గడ్డి పక్కన విడిగా తెలుస్తుంది.

లైను ఎత్తేసి మంటలు ఆగిపోయాక మల్బరీ, ఈస్టర్న్ రెడ్ సీడర్, సైబీరియన్ ఎల్మ్ కమ్ముకుంటాయి. మీరు ఫోటోలో చూసిన చెట్ల వరస అదే అయ్యుండాలి. లైను నడిచిన రోజుల్లో అక్కడ చెట్లు ఉండి ఉండవు. ఆ చెట్ల నీడన ప్రెయిరీ చచ్చిపోతుంది. చెట్లు లేని ముక్కల కోసం వెతకండి, అక్కడ బతికుండొచ్చు. దయచేసి ఏ మొక్కా పీకొద్దు, విత్తనాలు కూడా అడక్కుండా తీయొద్దు.

ఫిష్‌ప్లేట్

ఇక ఇనుము. పట్టాలు దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. గజానికి 60 పౌండ్ల తేలిక పట్టా వేసినా మైలు లైనులో రెండు వరసలకూ కలిపి 2,11,200 పౌండ్లు, అంటే దాదాపు 96 మెట్రిక్ టన్నుల ఉక్కు. ఎత్తేసేవాళ్ళు దాన్ని వదిలిపెట్టరు. స్లీపర్లు 21 అంగుళాల ఎడంతో వేస్తే మైలుకు 3,000 పైచిలుకు. బాగున్నవి అమ్ముకున్నారు, పాడైనవి కట్ట పక్కకు తోసేశారు. పుచ్చిన స్లీపర్లు ఏటవాలున పడి ఉంటే అది చాలా మంచి గుర్తు.

మిగిలేవి చిన్న సామాన్లు. 33 అడుగుల పట్టాలైతే మైలుకు 320 అతుకులు, అతుక్కి రెండు ఫిష్‌ప్లేట్లు (పట్టాల కొసలను కలిపే ఇనుప పలకలు). తుప్పుపట్టిన బోల్టులు విప్పలేక గ్యాసుతో కోసేశారు, కాబట్టి కోసిన బోల్టు తలలు కంకరలో ఉంటాయి. చీలలు అంటే మన డాగ్ స్పైకులు, అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతుల చదరం, ఆరంగుళాల పొడుగు, తల ఒక పక్కకు పొడుచుకు వచ్చి ఉంటుంది. స్పైకు ఒక్కటి దొరికితే నిర్ణయానికి రావద్దు. రైతులు వాటిని మేకులుగా ఎక్కడపడితే అక్కడ వాడారు. ఒకే వరసలో దూరదూరంగా నాలుగైదు దొరకాలి.

పట్టా ముక్క దొరికితే దాని నడుం మీద ఉబ్బెత్తు అక్షరాలు చదవండి: మిల్లు పేరు, గజానికి ఎన్ని పౌండ్లో, సంవత్సరం, నెలకు ఒకటి చొప్పున నిలువు గీతలు. అయిదు గీతలుంటే మే నెల. ఇంకా స్లీపరు పైన రెండంకెలున్న చిన్న మేకు కనబడితే అది తేదీ మేకు, 27 అంటే 1927లో వేసిన స్లీపరు. వీటితో లైను వయసు చెప్పేయొచ్చు.

తూముకాడ

చివరి వాక్యం దగ్గర నేను ఒప్పుకోను ఫిష్‌ప్లేట్ గారూ. మెయిన్ లైన్లలో అరిగిన పట్టాలను తీసుకొచ్చి బ్రాంచి లైన్లలో వేయడం మామూలు పద్ధతి. 1889 పట్టా 1910లో వేసిన లైనులో ఉండొచ్చు. అలాగే 1880ల లైనులో 1912 పట్టా ఉండొచ్చు, పాతది మార్చి ఉంటారు కాబట్టి. తేదీ మేకు ఆ ఒక్క స్లీపరు సంగతే చెబుతుంది. స్లీపరు ఇరవై ముప్ఫై ఏళ్ళకు మారుతుంది.

ఫిష్‌ప్లేట్

పట్టా విషయంలో మీరన్నది నిజం, లైను పుట్టిన ఏడు దానితో తేలదు. కానీ తేదీ మేకులు పది పదిహేను దొరికితే వాటిలో అన్నిటికంటే కొత్తది ఉపయోగపడుతుంది. ఆ ఏడాది దాకా కంపెనీ ఈ లైను మీద డబ్బు పెట్టిందని అర్థం. 1930ల తర్వాతి మేకు ఒక్కటీ లేకపోతే మరమ్మతులు అప్పుడే మానేశారని అనుమానించవచ్చు. అయితే చాలా కంపెనీలు మేకులు కొట్టడమే మానేశాయి, అదీ చూసుకోవాలి.

తూముకాడ

అది ఒప్పుకుంటాను. వయసు కోసం నేనైతే తూముల దగ్గరికి వెళతాను. కాంక్రీటు తూము ముఖం మీద సంవత్సరం అచ్చు వేయడం అలవాటు. దానికీ ఒక షరతు ఉంది. తొందరగా లైను తెరవడానికి మొదట పల్లాల మీద కలప వంతెనలు వేసి, కొన్నేళ్ళకు అడుగున తూము కట్టి, పైనుంచి మట్టి దించి వంతెననే పూడ్చేసేవాళ్ళు. కాబట్టి తూము మీది ఏడాది పూడ్చిన ఏడాది, లైను అంతకంటే పాతది. పూడ్చిన వంతెన కలప లోపలే ఉండిపోయింది. అది పుచ్చితే కట్ట మీద హఠాత్తుగా గుంటలు పడతాయి. ఎత్తయిన కట్ట నడిమధ్యన, వరసలో, సమాన దూరంలో చిన్న గుంటలు కనబడితే కాలు పెట్టొద్దు.

పూడ్చని వంతెనలైతే వాగు నీటిమట్టం దగ్గర కోసేసిన మొద్దులు మిగులుతాయి. అడ్డంగా నాలుగు నుంచి ఆరు మొద్దుల వరస, అలాంటి వరసలు పద్నాలుగు పదిహేను అడుగులకొకటి. నీళ్ళు తగ్గిన రోజుల్లోనే బయటపడతాయి. ఉక్కు గర్డర్ వంతెనలను ఎక్కువగా ఊడదీసుకుపోయారు, వంతెన కొసలను మోసిన రాతి గోడలు మాత్రం ఒడ్డున ఎదురెదురుగా నిలబడే ఉంటాయి.

కమతం

ఇంత పెద్ద వ్యవస్థను అసలు ఎందుకు వదిలేశారు? రైతులకు ధాన్యం పంపడానికి అవసరమే కదా?

ఫిష్‌ప్లేట్

క్లుప్తంగా చెబుతాను. గుర్రపు బండి రోజులో ధాన్యం తోలి తిరిగి రాగలిగేంత దూరంలో, ఆరు నుంచి పది మైళ్ళకొక స్టేషన్ పెట్టుకుంటూ లైన్లు వేశారు. 1916 నాటికి అమెరికాలో రైలు మార్గం సుమారు 2,54,000 మైళ్ళకు చేరింది, అదే గరిష్ఠం. తర్వాత మట్టి రోడ్లకు కంకర పడింది, లారీ వచ్చింది, ధాన్యం ఎలివేటర్ల (రైలుకెక్కించే ముందు ధాన్యం నిలవచేసే ఎత్తయిన గిడ్డంగుల) మధ్య దూరానికి అర్థం పోయింది.

చావుదెబ్బ 1960ల తర్వాత తగిలింది. అంతకుముందు 50 టన్నులు పట్టే పెట్టె వ్యాగన్లో, తలుపుకు చెక్కలు అడ్డం కొట్టి ధాన్యం పంపేవాళ్ళు. దాని స్థానంలో 100 టన్నులు పట్టే మూత హాపర్ (పైన మూత, అడుగున ధాన్యం దించే తలుపులు ఉన్న వ్యాగన్) వచ్చింది. సరుకుతో కలిపి 2,63,000 పౌండ్లు. 60, 70 పౌండ్ల పట్టాలు, కంకర తక్కువైన కట్టలు, కలప వంతెనలు దాన్ని మోయలేవు. లైను బాగుచేయడానికయ్యే ఖర్చు ఆ రెండు మూడు ఎలివేటర్ల కిరాయిలో రాదు. రాక్ ఐలండ్ రైల్వే కంపెనీ 1980 మార్చి 31న మొత్తం ఆగిపోయింది. మిల్వాకీ రోడ్ అనే మరో రైల్వే కంపెనీ 1977లో దివాలా తీసి, 1980లో వేల మైళ్ళు వదిలేసింది. అదే ఏడాది రైల్వేల మీద ప్రభుత్వ నియంత్రణ సడలిస్తూ వచ్చిన స్టాగర్స్ చట్టంతో లైన్లు ఎత్తేయడం ఇంకా తేలికైంది.

కంచెరాయి

అనుమతి సంగతి నల్లరేగడి గారు అడిగారు, దాన్ని వదిలేయకూడదు.

రైలు పోయింది కాబట్టి అది అందరి స్థలం అనుకోవడం చాలా పెద్ద పొరపాటు. కంపెనీ పూర్తి హక్కుతో కొన్న ముక్క ఉంటే ఇప్పుడు ఎవరు కొనుక్కున్నారో వాళ్ళది. దారి హక్కు మాత్రమే ఉన్నచోట, లైను చట్టప్రకారం వదిలేయగానే ఆ నేల ఎవరి సొంత భూమిలో భాగమో ఆ యజమానికి చేరుతుంది. 1875 చట్టం కింద కేంద్ర ప్రభుత్వ భూమిలోంచి ఇచ్చిన 200 అడుగుల పట్టీల విషయంలోనూ ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2014లో బ్రాంట్ కేసులో తేల్చింది. ఒకే మైలులో పక్కపక్క ముక్కలకు వేరువేరు హక్కులు ఉండటం మామూలే. కౌంటీ రికార్డర్ (భూమి రిజిస్ట్రేషన్) ఆఫీసులో పత్రాలు, అసెసర్ (భూమి పన్ను అధికారి) మ్యాపులో ముక్కలు చూడండి. అసెసర్ మ్యాపే ఒక ఆనవాలు కూడా: నేల మీద ఏమీ లేకపోయినా వంద అడుగుల పట్టీ విడి ముక్కగా మిగిలి ఉంటుంది. వంద అడుగుల వెడల్పైతే మైలుకు 12.1 ఎకరాలు వస్తుంది, ముక్కల విస్తీర్ణం కూడి చూస్తే తెలిసిపోతుంది.

జాతీయ కాలిబాటల చట్టానికి 1983లో వచ్చిన సవరణతో కొన్ని లైన్లను రైల్‌బ్యాంకింగ్ పేరుతో కాలిబాటలుగా ఉంచారు. చట్టం దృష్టిలో అవి వదిలేసిన లైన్లు కావు, మళ్ళీ రైలు వేయొచ్చు. నైరుతి అయొవాలో 63 మైళ్ళ వాబాష్ ట్రేస్, నెబ్రాస్కాలో కౌబాయ్ ట్రెయిల్, మిజోరీలో కేటీ ట్రెయిల్ అలాంటి పాత లైన్ల మీదే ఉన్నాయి. కోత, కట్ట, తూము, ప్రెయిరీ పట్టీ ఎలా ఉంటాయో కళ్ళకు అలవాటు చేసుకోవాలంటే మొదట వీటి మీద నడవండి, ఎవరినీ అడగక్కర్లేదు.

ప్రైవేటు పొలమైతే యజమానిని ముందే అడగండి, పంట కోసాకే వెళ్ళండి. తవ్వడం, మెటల్ డిటెక్టర్ వేరే అనుమతి. తవ్వేముందు 811కి ఫోన్ చేయాలి. పాత రైలు పట్టీల కింద ఫైబర్ కేబుళ్ళు, పైపులు వేయడం చాలా ఎక్కువ.

కమతం

కట్టను చదును చేసి పొలంలో కలుపుకున్నవాళ్ళకు ఇబ్బందులేమైనా వస్తాయా? ఎకరాలకు ఎకరాలు కలిసొస్తాయి కదా.

తూముకాడ

వస్తాయి, ముఖ్యంగా నీటితో. ఆ కట్ట వందేళ్ళుగా వాననీటిని ఒక పక్క ఆపి, తూముల్లోంచి కొలిచి వదులుతోంది. చుట్టూ పొలాల భూగర్భ డ్రైను గొట్టాలన్నీ ఆ తూములను చూసుకునే వేశారు. కట్ట తీసేస్తే ఎగువన ఆరుతుంది, దిగువ రైతు మునుగుతాడు, గొడవ కోర్టుకు పోతుంది. తూమును పూడ్చి కట్ట ఉంచేస్తే అంతకంటే ఘోరం, ఎగువ పొలం చెరువవుతుంది. ముందు ప్రతి తూముకూ ఎటునుంచి ఎటు నీళ్ళు పోతున్నాయో వాన పడుతుండగా చూసి గుర్తుపెట్టుకోవాలి.

రెండోది నేల. కట్ట అడుగున మట్టి వందేళ్ళు అణిగి గట్టిపడి ఉంటుంది. పైన కంకరా బూడిదా తీసేసినా, అడుగు లోతు చీల్చి దున్నకపోతే మొక్కజొన్న వేరు దిగదు. ఎండ ముదిరితే ఆ చార మొదట పసుపెక్కుతుంది. జులై, ఆగస్టు కరువు ఫోటోల్లో లైను బయటపడేది అందుకే.

మూడోది విషం. పట్టాల మధ్య ఆర్సెనిక్ కలుపుమందులు కొట్టేవాళ్ళు, స్లీపర్లకు పుచ్చకుండా క్రియోసోట్ అనే తారు నూనె పట్టించేవాళ్ళు, బొగ్గు బూడిదలోనూ లోహాలుంటాయి. కూరగాయల మడి వేయాలంటే నేల పరీక్ష చేయించాలి. పాత స్లీపర్లను పొయ్యిలో కానీ బయట కానీ కాల్చకూడదు, ఆ పొగ మంచిది కాదు.

నల్లరేగడి

ఎంతో విలువైన సమాచారం. ఊళ్ళ దగ్గర ఏం చూడాలో కూడా చెబుతారా? నా లైను మీద రెండు చిన్న ఊళ్ళు తగులుతున్నాయి. ఇంకో విషయం: రెండో ఊరికి ముందు చార రెండుగా చీలి, మైలున్నర తర్వాత మళ్ళీ కలుస్తోంది. ఇది ఇంజన్లు తిప్పే త్రికోణమేనా?

డిగ్రీవంపు

ఊళ్ళో మొదట ఎలివేటర్ చూడండి. వీధులన్నీ దిక్కులకు సరిగ్గా ఉండి ఎలివేటర్ ఒక్కటే ఏటవాలుగా నిలబడి ఉంటే అది పట్టాలకు సమాంతరంగా కట్టింది. దాని పొడుగు గోడే మీకు లైను దిశ చెబుతుంది. మరికొన్ని ఊళ్ళలో ఊరి వీధులే మొత్తం లైను వాటంగా తిరిగి ఉంటాయి, ఊరి పొలిమేర దాటాక మళ్ళీ సెక్షన్ గళ్ళలో పడతాయి. డిపో వీధి, రైల్‌రోడ్ వీధి అన్న పేర్లు, ఆ వీధికి ఒక పక్కే ఇళ్ళు, ఇంకో పక్క పొడుగాటి ఖాళీ. నీళ్ళ ట్యాంకు ఉన్నచోట గుండ్రటి లేదా ఎనిమిది మూలల పునాది దిమ్మలు. రోడ్డు లైనును దాటినచోట పట్టాలు లేకపోయినా రోడ్డులో చిన్న మెట్ట మిగులుతుంది. ఆ మెట్ట నుంచి లైను వెంబడి అటూ ఇటూ పావు మైలు చూస్తే, కూత వేయమని చెప్పే డబ్ల్యూ అక్షరం ఉన్న కాంక్రీటు కంబం ఒక్కోసారి కంచెలో నిలబడే ఉంటుంది.

మీ చీలిక విషయం. త్రికోణం అయితే చాలా చిన్నది, రెండు పదునైన వంపులు కలిసి ఒక మొండి తోకలో ఆగిపోతాయి. మైలున్నర తర్వాత మళ్ళీ కలిసేది త్రికోణం కాదు, లైను మళ్ళించిన గుర్తు. మొదట చవగ్గా, ఎక్కువ వాలుతో లేదా కలప వంతెన మీద వేసి ఉంటారు. తర్వాత వాలు తగ్గించడానికో, వంతెన తప్పించడానికో పక్కన కొత్త కట్ట వేసి పాతది వదిలేస్తారు. ఎక్కువగా వాలు తక్కువైనదీ, వంపు మెత్తనిదీ రెండోసారి వేసినదే. పాతదానిలో కంకర పలచగా, బూడిద కొద్దిగా ఉండాలి.

రెండు చారల వెంబడీ ఒకే చోటు నుంచి ప్రొఫైలు గీయండి, అడ్డం స్కేలు రెండింటికీ ఒకటే ఉంచండి. వాగు దాటేచోట ఎత్తు ఎంత తేడా ఉందో రాసుకోండి. 1930ల ఫోటోలో పట్టాలు దేనిమీద ఉన్నాయో చూస్తే ఏది ముందో తేలిపోతుంది. రెండు బొమ్మలూ ఇక్కడ పెట్టండి, తూముకాడ గారు వంతెన ఎక్కడుండేదో చెప్పగలరు.

తూముకాడ

పెట్టండి. వాగుకు ఎగువా దిగువా రెండు వందల మీటర్లు డీఈఎం కూడా కలిపి పంపండి. పాత కట్ట వాగును అడ్డగించినచోట పైపక్క మేట వేసి నేల ఎత్తు పెరిగి ఉంటుంది, దాన్నిబట్టి వంతెనా తూమా అన్నది కూడా చూడొచ్చు.